లిల్లీ చంకకర్ర

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఉదయం యూనివర్సిటీ ఆడిటోరియంలో నువ్వు గీసిన లిల్లీ మొదటి కార్టూన్ ఫిల్మ్ వేశారు.

నీ బొమ్మల్లో లిల్లీ నల్లటి పిల్ల, చంకలో కర్ర, అచ్చం నీలాగే. ఆ కర్ర తీసేయమన్న ప్రతి ఛానెల్ నుంచీ ఫైలు మూసుకుని వచ్చేసేదానివి. బస్టాపులో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, "ఇంకొకళ్ళని అడుగుదామే" అనేదానివి. ఎనిమిదేళ్ళు అలా అడిగావు. నేను నాలుగే నెలలు అడిగి, కర్ర తీసేయడానికి సంతకం పెట్టాను.

ప్రతి కథా లాలాగూడ సండే స్కూలు పిల్లలకు చూపించేదానివి. ఎవరో ఒకరు "ఇది నేనే" అంటేనే నీకు కథ పూర్తయినట్టు. అందుకని వాళ్ళనీ పిలిచాను. రూబీ తన కర్ర ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

తెర మీద లిల్లీ గెంతింది.

"అక్కా, లిల్లీ కర్ర ఏడబోయింది?"

రూబీ నా వైపు తిరిగి అడిగింది. పక్కనున్న ఛానెల్ ఆయన నవ్వాడు. "దేవునికి మొక్కుకున్నదమ్మా, కాలు మంచిగైంది. ఇగ డాన్స్ చేస్తది!"

"నేను గూడ రోజూ ప్రార్థన చేస్తున్న. మరి నాకెందుకు కాలే?"

ఆయన ఫోన్ చూసుకున్నాడు.

అయిపోయాక రూబీ వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని, కుంటుతూ మెట్లు దిగింది. కుర్చీ కింద వదిలేసిన కర్ర తీసుకుని నేను వెనకాలే పరిగెత్తాను.

"నాకొద్దు," అంది. "లిల్లీకి లేదు గద."

మన తార్నాక ఇంట్లో, తలుపు వెనక, దాన్ని నీ కర్ర పక్కన నిలబెట్టాను. నీదానికన్నా జానెడు పొట్టి.