పిల్లకాలువ నోట్లో గడ్డికట్ట

నాన్నా,

నీ తమ్ముడు బాగున్నాడు. ముందు ఆ మాట చెప్పాకే మిగతాది.

కిందటి నెల విశాఖలో మా ఆసుపత్రిలోనే చిన్నాన్న గుండెకి బెలూన్ వేశాం. రక్తనాళం రెండుగా చీలే చోటే కొవ్వు పేరుకుపోయింది. పెద్ద నాళం ఒక్కదాన్నే తెరిస్తే ఆ కొవ్వు పక్కకి జరిగి చిన్న కొమ్మ నోరు మూసుకుపోవచ్చు. అందుకని రెండింట్లోనూ బెలూన్లు పెట్టి ఒకేసారి ఉబ్బించాలి. పెద్ద నాళంలోది మా సీనియర్ డాక్టరుగారు చూసుకున్నారు, చిన్న కొమ్మలోది నేను.

బల్ల మీద మెలకువగానే ఉన్న చిన్నాన్న, "రెండెందుకే గుంటా, ఒకటి సాలదేటి?" అన్నాడు.

"చెరకు కాలవలో పూడిక తీసేముందు నాన్న ఏటి చేసీవోడు?" అన్నాను.

"నా మడికెళ్లే పిల్లకాలవ నోట్లో గడ్డికట్ట కుక్కీవోడు. బురద ఇటు రాకుండా."

"అదే చేస్తన్నాం."

"అయితే కానీయ్" అని కళ్లు మూసుకున్నాడు.

రెండు కొమ్మల్లోనూ రక్తం చక్కగా పారింది. నీకు గుండెనొప్పి వచ్చిన ఏడాది ఈ పని చేసేవాళ్లు మన వైపు లేరు.

ఇవాళ నీ తద్దినానికి చోడవరం వచ్చాను. భోజనాలయ్యాక పొలానికి వెళ్తే కాలువ పూడిక తీస్తున్నారు. చిన్నాన్న గట్టు మీద కుర్చీ వేసుకుని, "ముందు గడ్డెట్టండ్రా! మా అన్నుంటే ఊరుకునీవోడా?" అని కూలీల మీద అరుస్తున్నాడు.

చెప్పులు విప్పి కాలువలోకి దిగాను. కట్ట నేనే కుక్కాను నాన్నా. బిగువుగానే.