ఇంటి లెక్క అడిగిన పిల్ల

అక్కా,

నాకు జ్వరం పూర్తిగా తగ్గింది, బడికి వెళ్తున్నాను, బెంగపెట్టుకోకు.

తొమ్మిదో తరగతికి ఇంటి ఖర్చుల పాఠం చెబుతున్నాను. ఇంట్లో వచ్చేదెంత, పోయేదెంత అడిగి రాసుకురమ్మన్నాను. మర్నాడే ఒకమ్మాయి తండ్రి, ఫ్యాక్టరీ సూపర్‌వైజరు, స్టాఫ్ రూముకొచ్చి నామీద విరుచుకుపడ్డాడు.

"మా ఇంటి గుట్టు మీకెందుకండీ?"

నేను సర్దిచెప్పేలోగా ఆయనే కుర్చీలో కూలబడ్డాడు. ఉద్యోగం పోయి చాలా రోజులైందట. ఇంట్లో చెప్పలేక, రోజూ క్యారియరు పట్టుకుని బయల్దేరి బస్టాండులో కూర్చుంటున్నాడట. గుమ్మం దగ్గరున్న కూతురు అంతా విన్నది.

"ముందే చెప్తే స్కూలు టూరుకి పేరిచ్చేదాన్నే కాదు కదా నాన్నా!" అంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ కలిసి వెళ్లి వాళ్లమ్మకు చెప్పారు. ఆవిడ కొన్నాళ్లు మాట మానేసింది గానీ, ఇప్పుడు ముగ్గురూ కలిసి కూర్చుని ఖర్చులు చూసుకుంటున్నారట.

ఎవరైనా ఇటు వస్తుంటే నా నీలం స్వెట్టరు పంపు. వంటింటి కుళాయి బాగుచేయించారా? నీ ఉత్తరాల్లో ఈమధ్య బావగారి షాపు ఊసే ఉండటం లేదు. ఉన్నదున్నట్టు రాయి అక్కా, దాచిపెట్టి నన్ను పరాయిదాన్ని చెయ్యకు.

బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ చెల్లి