అందరూ అంటే ఎవరెవరు?

ఉపవాసాల 1వ రోజు, ఉదయం
బిషప్‌గారు అదరగొట్టారు! "కాథలిక్ అంటే పెద్ద గుంపు అని కాదు. మొత్తం అని. కార్తేజ్‌లో ఉన్నవాళ్లూ, సముద్రం అవతలివాళ్లూ, హింసలకు లొంగి పడినవాళ్లూ, నిలబడినవాళ్లూ, అందరిదీ ఒకే సంఘం, ఒకే బల్ల" అన్నారు. ఒళ్లు పులకరించింది. రొట్టెలు కాల్చుకునే మిగ్గిన్ అనే నేను తీర్మానించుకున్నాను: ఈ నలభై రోజులూ అందరితో మాట. అందరికీ రొట్టె. అందరూ అంటే అందరూ!

నా భార్య నంగిద్దె అడిగింది: "మీ అన్నతో కూడానా?"

ఈవిడకు ఎప్పుడూ వివరాలే కావాలి.

2వ రోజు
అద్భుతం! ప్రార్థనయ్యాక ఒకరికొకరు పెట్టుకునే శాంతి ముద్దు పదకొండు మందికి పెట్టాను. పదకొండు మందీ నాకిష్టమైనవాళ్లే కావడం దైవసంకల్పం.

4వ రోజు, మధ్యాహ్నం
తామే పవిత్రులమనుకునే ఎదురు వీధి గుంపు నుంచి ఒక ముసలాయన రొట్టె కోసం వచ్చాడు. చక్రవర్తి హింసల కాలంలో మన పవిత్ర లేఖనాలను సైనికులకు అప్పగించినవాళ్లను మేం మళ్లీ చేర్చుకున్నామని వాళ్లు విడిపోయారు.

"మీదీ ఒక సంఘమేనా? ద్రోహుల సంత!"

"మరి ద్రోహి రొట్టె ఎందుకు తాతా?"

"ఆకలేస్తే ఏం చెయ్యమంటావ్?"

నములుతూనే తిట్టాడు. ఇకపై వాళ్లు తప్ప అందరూ.

6వ రోజు
సంతలో అన్న గుదుదుస్ ఎదురయ్యాడు. మా ఇంట్లో దాచిన లేఖనాలు అప్పగించిన మహానుభావుడు ఆయనే. బిషప్‌గారు క్షమించారు. సంఘం క్షమించింది. నాకే తీరిక లేదు, ఖర్జూరాలు ఏరుతున్నాను. ఒక్కొక్కటీ. ఆయన వెళ్లిపోయేదాకా.

9వ రోజు
నంగిద్దె రోజూ అన్న ఇంటికి రొట్టె పంపుతోందట! నాకు చెప్పకుండా! పెద్ద గొడవ. ఆవిడతోనూ మాటల్లేవు. చూడబోతే ఈ ఊళ్లో అసలైన కాథలిక్‌గా నేనొక్కడినే మిగిలాను. మొత్తం సంఘం ఒక పీట మీద సరిపోయింది.

12వ రోజు, ఉదయం
పొయ్యి గోడ కూలింది. నా కుడిచెయ్యి కాలింది. పిండేమో పొంగిపోతోంది. నంగిద్దె పరిగెత్తుకెళ్లి అన్నను తీసుకొచ్చింది. ఆయన వస్తూనే చేతులు కడుక్కుని పిండి పిసకసాగాడు.

నేనే ఉండబట్టలేక అడిగాను: "ఆ రోజు పుస్తకాలు ఎందుకిచ్చావన్నా?"

"ఇవ్వకపోతే ఇల్లంతా వెతుకుతామన్నారు. నువ్వు పిండి గాదెలో ఉన్నావు కదరా."

నేను అక్కడ దాక్కున్నానని ఎవరికీ తెలియదనుకున్నాను. ఏడేళ్లుగా.

"చెప్పలేదేం?"

"చెబితే నీ ముఖం ఇదిగో, ఇలా అయిపోతుందని."

కాలిన చెయ్యి మంట అప్పుడు తెలియలేదు.

అదే రోజు, సాయంత్రం
రొట్టెలు అన్న ఇంటి పొయ్యిలో కాల్చాం. అక్కడే కూర్చుని తిన్నాం. శాంతి ముద్దు పెట్టబోతే, "ముందు మూతి తుడుచుకోరా" అన్నాడు.

13వ రోజు
కాదు, మళ్లీ 1వ రోజు. అందరూ! అన్న, నంగిద్దె, ఎదురు వీధి తాత కూడా. అన్న అత్తగారు కూడా అందరిలోకే వస్తారట. అడిగి తెలుసుకున్నాను.

ఆవిడ రేపటి నుంచి.