బ్రాకెట్లో మాట

జూలై 3

నాకు స్పీచ్ క్లాసు ఇచ్చారు. డిగ్రీ పిల్లలకు ఉపన్యాసం తయారు చేసుకోవడం నేర్పాలి. కొత్తవాళ్ళకు మిగిలిందే దక్కుతుందని ప్రిన్సిపాల్‌గారు నవ్వుతూ చెప్పారు. ఇంట్లో చెప్తే అన్నయ్య పొలమారేదాకా నవ్వాడు. కాలింగ్ బెల్ మోగితే ముఖానికి పుస్తకం అడ్డం పెట్టుకునే మనిషిని.

జూలై 4

"గుడ్ మార్నింగ్" కూడా కాగితం మీద రాసుకుని వెళ్ళాను. చూసి చదివాను.

జూలై 11

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కాన్వెంట్‌లో సిస్టర్ మా ఎలొక్యూషన్ కాగితాల మీద ఎర్ర ఇంకుతో బ్రాకెట్లు పెట్టేవారు. ఇక్కడ ఆగాలి. ఇక్కడ తల ఎత్తాలి. ఇక్కడ నవ్వాలి. అవి లేకపోతే నేను స్టేజీ ఎక్కేదాన్నే కాదు. పిల్లలకూ అదే నేర్పుతున్నాను.

కానీ ముందు ఒక్క వాక్యం రాయమన్నాను. మీ మాట విన్నవాళ్ళు ఏం చెయ్యాలి? అది తేలకుండా మిగతాది మొదలుపెట్టొద్దని చెప్పాను. వెనక బెంచీ వీరుడు, మేడమ్ క్లాసు తొందరగా వదలాలి అని రాశాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. పూర్తి మార్కులు వేశాను.

జూలై 18

క్లాసులో ఒకమ్మాయిని అందరూ మూగనోము అంటారు. హాజరు పిలిచినా చెయ్యెత్తుతుంది, అంతే. ఇవాళ తన వాక్యం తెచ్చింది: ప్రిన్సిపాల్‌గారు సాయంత్రాలు లైబ్రరీ మూయకూడదు.

వచ్చే నెల నుంచి మూడింటికే తాళమట. సాయంత్రం కూర్చునే అసిస్టెంటు మానేశాడు. నీకెందుకింత పట్టింపని అడిగాను. నేల చూస్తూ చెప్పింది. ఉన్నది ఒకే గది. అందులో అక్క, బావ, చంటిది, టీవీ. లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ ఒక్కటే తనకు చదువుకునే చోటు.

నెలాఖరు స్పీచ్‌లకు ప్రిన్సిపాల్‌గారు వస్తారు, ఆయన ముందే మాట్లాడమన్నాను. ఆ మాట అన్నది నేనేనా?

జూలై 25

ఆమె కాగితం దిద్దాను. వాక్యాలు ఆమెవి. బ్రాకెట్లు నావి. బట్టీ పట్టొద్దన్నాను. పట్టకపోతే గొంతు పెగలదట. సరే, అలాగే కానిమ్మన్నాను.

జూలై 30, ఉదయం

మూడు చీరలు మార్చాను. మాట్లాడేది నేను కాదు.

జూలై 30, సాయంత్రం

హాలు నిండిపోయింది. ఆమె మైకు ముందుకొచ్చి, గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. లైబ్రరీ, మూడు గంటలు, తాళం. అక్షరం పొల్లుపోలేదు. అదే ఊపులో, అదే గొంతుతో అంది:

"మా ఇంట్లో చదువుకోవడానికి చోటు లేదు ఇక్కడ ఆగి తల ఎత్తాలి."

హాలు గొల్లుమంది. ప్రిన్సిపాల్‌గారు కూడా నవ్వుతూ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళు నవ్విన మాట నాది. లేచి ఆ సంగతి చెప్పాలనుకున్నాను. లేవలేదు.

ఆమె ఆగింది. తల ఎత్తింది. నవ్వులన్నీ అయిపోయేదాకా అలాగే నిలబడింది. తర్వాతి వాక్యం మర్చిపోయిందని నాకు తెలుస్తూనే ఉంది. పెదవులు దానికోసం వెతుక్కుంటున్నాయి. చివరికి కాగితంలో లేని మాట అంది.

"నాకు మాట్లాడ్డం రాదు సార్. చదువుకోడం వచ్చు. ఆ కుర్చీ ఒక్కటి ఉండనివ్వండి."

మొదటి చప్పట్లు వెనక బెంచీ వీరుడివి.

ఆగస్టు 1

స్టాఫ్ మీటింగ్. సాయంత్రాలు ఎవరైనా కూర్చుంటే తెరిచి ఉంచడానికి అభ్యంతరం లేదన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఎవరున్నారని అడిగారు. అందరూ ఎవరి టీ కప్పులోకి వాళ్ళు చూసుకున్నారు.

లేచాను. చేతిలో కాగితం లేదు.

"నేను ఉంటాను సార్."

 

ఆగస్టు 6, లైబ్రరీ

తాళంచెవి నా దగ్గరుంది. ఆమె కిటికీ పక్కన. వెనక బెంచీ వీరుడూ వచ్చాడు, నిద్రపోతున్నాడు. సాయంత్రమంతా ఒక్కరం కూడా ఒక్క మాట మాట్లాడలేదు.

(ఇక్కడ నవ్వాలి.)