ప్రయాణికుల వైపు తెర

మార్చి 4

అన్నయ్య గొంతు ఆపరేషన్ జరిగి నాలుగు నెలలు. స్వరపేటిక మొత్తం తీసేశారు. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా బస్టాండులో అనౌన్సర్. ఇప్పుడు ఆ పని రికార్డు చేసిన గొంతు చేస్తోంది. అదీ ఆయనది కాదు, ఎవరో అమ్మాయిది.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. మేనేజరు కబురు పెట్టాడట. విచారణ కౌంటర్ ఖాళీగా ఉంది, ప్రయాణికులకి ఏదో ఒక విధంగా జవాబు చెప్పగలిగితే అక్కడ కూర్చోవచ్చు, ఇరవై ఐదున వచ్చి చేసి చూపించమన్నాడట. చెయ్యలేకపోతే రిటైర్మెంట్ కాగితాల మీద సంతకం. పలక మీద రాస్తే జనం ఆగరు, ఇంట్లో మనమే ఆగట్లేదు కదమ్మా అంది.

ప్రోగ్రాం చేసిస్తానన్నాను. రెండు తెరలు. ఆయన వైపు తెరలో టైప్ చేయడానికి టెక్స్ట్ బాక్స్. ప్రయాణికుల వైపు తెరలో ఆయన కొట్టింది కనిపించడానికి పెద్ద అక్షరాల లేబుల్. పదిహేనేళ్ళుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఫారాలు, అంటే తెర మీద కనిపించే పెట్టెలూ బటన్లూ, గీస్తున్నదాన్ని. ఒక్కపూట పని అని చెప్పాను.

మార్చి 6

ఒక్కపూట పని కాదు.

మౌస్‌తో ఫారం మీదికి లేబుల్ లాగి పెట్టాను. టెక్స్ట్ బాక్స్ పెట్టాను. ‘చూపించు’ అని ఒక బటన్ పెట్టాను. లాప్‌టాప్ అన్నయ్య ఇంటికి పట్టుకెళ్ళాను. ఆయన రెండు వేళ్ళతో చాలాసేపు టైప్ చేశాడు. ఇన్నాళ్ళ ఫిర్యాదులన్నీ: చప్పిడి గంజి, డాక్టరు, టీవీ రిమోట్, నేను వారానికోసారి మాత్రమే రావడం. బటన్ నొక్కాడు. లేబుల్‌లో మొదటి వరస కనిపించింది. మిగతాది తెగిపోయింది. చుక్కలు లేవు, ఏ గుర్తూ లేదు. ఆయన అంతే చెప్పి ఊరుకున్నట్టు ఉంది.

కావాలని కోశానేమోనని నావైపు అదోలా చూశాడు. వదిన చదివి, ఇదే బాగుంది, దీన్ని బాగుచెయ్యకు అంది.

మార్చి 7

రాతని బట్టి లేబుల్ తనే పెరిగేలా ఆటోసైజ్ ఆన్ చేశాను. లేబుల్ కుడివైపుకి పెరుగుతూ తెర అంచు దాటి వెళ్ళిపోయింది. ఆఫ్ చేస్తే తెగుతుంది, ఆన్ చేస్తే పారిపోతుంది. గరిష్ఠ వెడల్పు ఇస్తే వరసలుగా విరిగింది. ఫాంట్ పెంచాను, కింది వరస ఫారం బయటికి పోయింది. ఫారం గీసే డిజైనర్‌లో చూస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి. నడిపిస్తే లేవు.

మార్చి 10

ఇప్పుడు ఒత్తులు తెగుతున్నాయి.

మార్చి 12

ఒత్తులు బాగయ్యాయి. లేబుల్ ఎత్తు పెంచాను, అంతే. అందుకు రెండు రోజులు పట్టింది.

ఇవాళ గొడవ బటన్ గురించి. అన్నయ్య నిదానంగా టైప్ చేస్తాడు. ఆయన వాక్యం పూర్తిచేసి బటన్ నొక్కేసరికి వదిన పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయి ఉంటుంది. బటన్ తీసెయ్యమన్నాడు. తప్పులు దిద్దుకున్నాక చూపించుకోవచ్చు, ఉండనీ అన్నాను. ఆయన టైప్ చేసి చూపించాడు: ‘మాట్లాడేటప్పుడు గొంతుకి బటన్ ఉంటుందా?’

తీసేశాను. ఇప్పుడు ఆయన ఒక్కో అక్షరం కొడుతుంటే అవతలి తెరలో ఒక్కో అక్షరం పడుతుంది. వదిన చేతిలో మసిగుడ్డతో అలాగే నిలబడిపోయింది, వాక్యం చివరిదాకా. ఆయన మాట నాలుగు నెలల్లో పూర్తిగా విన్నది ఇదే మొదలు. ఆ వాక్యం ఆమె పెట్టిన కాఫీ మీద తిట్టు.

ఆయనదే రైటు. ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది.

మార్చి 20

బస్టాండు కౌంటర్‌లో రెండు తెరలూ బిగించాను. వాళ్ళ రెండో మానిటర్ పాతది, చిన్నది. నేను ఆఫీసు తెర మీద గీసిన ఫారం అందులో సగం పట్టలేదు. కౌంటర్ కింద దూరి వైర్లు మార్చి, పైన కూర్చుని కొలతలు మార్చాను. సెక్యూరిటీ గార్డు దగ్గరుండి సలహాలు ఇచ్చాడు. ఒక్కటీ పనికిరాలేదు.

అంతా అయ్యాక ప్రోగ్రాం తెరిస్తే ప్రయాణికుల వైపు ‘లేబుల్ 1’ అని పెద్ద అక్షరాలతో వచ్చింది. లేబుల్‌ని లాగి పెట్టినప్పుడు తనంతట తానే వేసుకునే పేరు. చెరపడం మర్చిపోయాను. ఒక కండక్టర్ ఆగి, ఇదేం కొత్త సర్వీసు, ఎక్కడికి వెళ్తుంది అని అడిగాడు. దిద్దేలోపే కరెంటు పోయింది.

మార్చి 25, మధ్యాహ్నం 3

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పది గంటలకి మొదలైంది. నేను ప్రయాణికుల వైపు నిలబడ్డాను. మొదట వచ్చినవాళ్ళు తెర చూసి తడబడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు. అక్షరాలు పడుతుంటే ఎవరూ కదల్లేదు. అంతవరకు బాగుంది.

తర్వాత మేనేజరే ప్రయాణికుడిలా వచ్చాడు. ఆఖరి బస్సు ఎప్పుడు, ఎక్కడ ఆగుతుంది, సీటు దొరుకుతుందా అని గుక్క తిప్పుకోకుండా అడిగాడు. అన్నయ్య చెయ్యి కీబోర్డు మీద పెట్టకముందే, ఇదిగో, నేను అడిగింది వినపడిందా అని అరిచాడు.

తెర మీద ఒక్కో అక్షరం పడింది: ‘పోయింది గొంతు, చెవులు కాదురా దున్నపోతా.’

తర్వాత ఒక్కో అక్షరం చెరిగిపోయింది. చివర్నించి మొదటికి. దాని చోట వచ్చింది: ‘ఆఖరి బస్సు తొమ్మిదింబావుకి. నాలుగో ప్లాట్‌ఫారం. సీట్లున్నాయి. శుభప్రయాణం.’

చెరిపేశాడు కాబట్టి ఎవరూ చూడలేదనే అన్నయ్య నమ్మకం. కొడుతున్నప్పుడే ఇవతల వరసలో ఉన్నవాళ్ళందరూ చదివేశారు. సంచులు మోసుకొచ్చిన ఒకావిడ నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది. మేనేజరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఎందుకు నవ్వుతున్నారని అన్నయ్య నన్ను సైగ చేసి అడిగాడు. చెప్పాను.

మార్చి 26

అన్నయ్య మళ్ళీ పలక తీశాడు. ‘నీ బటన్ ఉండాల్సింది’ అని రాశాడు. అప్పుడు కాదన్నది ఆయనే అని అనలేదు.

వదిన చెప్పింది. మైకు ముందు కూడా ఆయనది ఇదే పద్ధతట. స్విచ్ ఆఫ్‌లో ఉండగా మనసులో ఉన్నదంతా అనేసేవాడు. తర్వాత స్విచ్ వేసి, ప్రయాణికులకు మనవి అని మొదలుపెట్టేవాడు. ఇన్నేళ్ళూ ఆయన గొంతుకి బటన్ ఉంది. ఆ సంగతి ఆయనకే గుర్తు లేదు.

మేం ఇంట్లోనే పరీక్షించాం. ఇంట్లో ఆయన చెరిపింది ఏమీ లేదు. వదినని తిట్టాలనుకుంటే తిట్టేస్తాడు. నా పరీక్ష అక్కడ తప్పింది.

మార్చి 27

ఆయన వైపు ఫారం మీద చిన్న టిక్ పెట్టె ఒకటి పెట్టాను. దాని పేరు ‘మైకు’. టిక్ ఉంటే అక్షరం అక్షరం అవతలికి వెళ్తుంది. తీసేస్తే ఆయన ఏం కొట్టినా ఎవరికీ కనిపించదు. ఎవరి కోసం చేస్తున్నానో తెలియదు. కాగితాలు రేపో ఎల్లుండో వస్తాయని వదిన అంటోంది.

మార్చి 29

కాగితాలు రాలేదు. మేనేజరే అన్నయ్య ఇంటికి వచ్చాడు.

నేను అక్కడే ఉన్నాను. కుర్చీ వెయ్యమన్నా వేయించుకోలేదు. బస్టాండులో అన్నయ్య మైకు స్విచ్ ఎప్పుడో పాడైందట. ఆఫ్ చేసినా స్టాఫ్ గదిలో స్పీకర్‌కి అంతా వినపడేదట. ఏళ్ళ తరబడి. దున్నపోతు అనిపించుకోవడం నాకు కొత్త కాదయ్యా అన్నాడు. బాగు చేయించబోతే డ్రైవర్లు ఒప్పుకోలేదు, టీ టైముకి అందరూ ఆ గదిలోనే చేరేవాళ్ళు అన్నాడు. మొన్న ఆ తెర చదువుతుంటే నీ గొంతే వినిపించింది, ఇన్నాళ్ళకి అన్నాడు.

అన్నయ్య తల వంచుకున్నాడు.

సోమవారం నుంచి రమ్మన్నాడు. నేను పెట్టిన ‘మైకు’ టిక్ గురించి చెప్పాను. గుమ్మం దాటుతూ నావైపు తిరిగి, ఈసారి స్విచ్ సరిగ్గా పనిచేస్తుందా అని అడిగాడు. చేస్తుందన్నాను. చెయ్యకపోయినా ఫర్వాలేదు అని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 2

లేబుల్‌ని ఖాళీ చేయడం మళ్ళీ మర్చిపోయాను. పొద్దున కౌంటర్ తెరవగానే ఒక పెద్దాయన తెర చదివి, లేబుల్ వన్ గారూ, బస్సెప్పుడండీ అన్నాడు. అన్నయ్య మైకు టిక్ తీసేసి గబగబా టైప్ చేశాడు. ఆయన వైపు తెర నిండిపోయింది. ప్రయాణికుల వైపు ‘లేబుల్ 1’, అంతే.

నేను ఆయన వెనకే ఉన్నాను. మొత్తం చదివాను. ఇక్కడ రాయను.