తొడిమల దగ్గర అడిగిన ప్రశ్న

బ్రాడీపేట,
మార్చి 2004.

అత్తా,

నేను మా ఫిజిక్సు పాఠం చెబుతుంటే మిరపకాయల తొడిమలు తీస్తూ అడిగావే, "అణువు ఒకేసారి రెండుచోట్ల ఉంటే, అణువులే నిండిన మిరపకాయల బస్తా ఎందుకుండదే?" అని. జవాబు దొరికింది!

ఏ ఇంట్లో మిరపకాయలు వేగుతున్నాయో గాలే వీధంతా చెప్పేస్తుంది కదా. బస్తా ఎక్కడుందో కూడా దానికి తగిలే గాలీ, వెలుతురూ అలాగే చాటేస్తాయి; గుట్టు బయటపడ్డాక అది ఒక్కచోటే కనబడుతుంది. ఏదీ తగలని ఒంటరి అణువు గుట్టే దాగుతుంది. మరి బస్తా ఉండాల్సిన రెండో చోటు ఏమైంది? వేరే లోకంలో ఉందని కొందరు శాస్త్రవేత్తలు, లేదని కొందరు ఇంకా పోట్లాడుకుంటున్నారు.

నా గుట్టూ ఒకటుంది. మొన్న క్లాసులో నీ ప్రశ్న నాదేనని చెప్పి సారు చేత శభాష్ అనిపించుకున్నాను. ఇవాళ లేచి, "అది తొడిమలు తీసే మా అత్త ప్రశ్న" అనేశాను. నలభైమంది విన్నారు, ఇక వెనక్కి తీసుకోలేను!

సారు నిన్ను చూడాలంటున్నారు. ఘాటు వదలని ఆ పని చీరతోనే రా.

నీ మేనకోడలు