ప్రభుదాసు తెల్లచొక్కా

నా కోడలు భాగ్యకు,

రఘునాథపల్లి నుంచి అత్తమ్మ దీవించి రాస్తున్నది. ప్రభువు దయ వల్ల ఇక్కడ నేను, మేక, రెండు కోడిపెట్టలు బాగున్నాం. కాటారంలో నువ్వు, నీ హాస్టల్ పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే నాకు మాట రాదు, ఏడుపొస్తుంది. ఈ మాటలకు కాగితమే నయం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి ఉంది, నన్ను విడిచి అది మాత్రం ఎక్కడికి పోతుంది? దవాఖాన గోళీలు వేసుకుంటున్నాను. ఈస్టర్ నాడు తెల్లవారకముందే సంఘమంతా సమాధుల తోటకు పోయాం. మన ప్రభుదాసు సమాధికి శనివారమే సున్నం వేశాను. నీ పేరున కూడా ఒక కొవ్వొత్తి వెలిగించాను. పాటలు అయిపోగానే పిల్లలు "జై తెలంగాణ" అని అరిచారు. మన చర్చి అయ్యగారు కోప్పడతాడనుకుంటే తనూ చెయ్యెత్తి అరిచాడు.

ఈసారి రాలేక, మన పక్కింటి ఎల్లక్కతో నువ్వు పంపిన చొక్కా అందింది. కామెర్లతో నా ప్రభుదాసు పోయిన నాటి నుంచి నీకు ఇదే పని. మట్టిలో బట్టలు చీకిపోతాయి, చనిపోయినవాళ్ళంతా లేచిన రోజున ఆయన ఏం తొడుక్కుంటాడని, పెళ్ళినాటి తెల్లచొక్కాను ప్రతి ఈస్టర్‌కు ఉతికి, గంజి పెట్టి, సమాధి దగ్గరికి తెచ్చి, ప్రార్థన కాగానే మళ్ళీ పెట్టెలో దాస్తావు. తండా పిల్ల పునరుత్థానానికి బట్టలు సర్దుతున్నదని మన సంఘం ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. చొక్కా ఉతికి పెట్టుకునేంత నమ్మకం వాళ్ళలో ఎవరికుంది?

అయితే ఈసారి నీ చొక్కా మూట ఒడిలో పెట్టుకుని వాక్యం విన్నాను. సమాధిలోకి తొంగి చూస్తే ప్రభువు లేడు, ఆయనకు చుట్టిన బట్టలు మాత్రం అక్కడే ఉన్నాయని అయ్యగారు చదివాడు. ఎన్నేళ్ళుగానో విన్నదే. ఈసారి గుండెకు తగిలింది. లేచినవాడు బట్టలు విడిచే పోయాడు భాగ్యా. మనం కుట్టి ఉతికినవి అక్కడ పనికిరావు. ఆ చొక్కాను ఎల్లక్క పెనిమిటికి ఇచ్చేశాను. కొంచెం బిగుతైనా వేసుకుని ఊరంతా తిరుగుతున్నాడు. నిన్ను అడగకుండా ఇచ్చాను, తిట్టాలనుకుంటే తిట్టు.

ఇక నీ పెద్ద ప్రశ్న. "మా బాపు సంబంధం తెచ్చిండు. నేను ఇంకొకల్ల చేసుకుంటే, అందరు లేచిన నాడు నేను ఎవల భార్యనత్తమ్మా? ఆయనకు ఏం మొకం చూపియ్యాలె? జర నువ్వే మా బాపుకు వద్దని చెప్పు" అని రాశావు. ఆ ఉత్తరం పట్టుకుని అయ్యగారి దగ్గరికే పోయాను.

"లేచినంక ఆడ పెండ్లి చేసుకునుడు, చేసిచ్చుడు ఉండదమ్మా" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. "గట్లయితె నా కొడుకు నన్ను గుర్తు వట్టడా?" అన్నాను.

ఆయన నీ ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టాడు. "గుర్తు వడుతడు పుష్పమ్మా. నాది అని గుంజుకోడు, గంతే."

ఇప్పటిదాకా దాచిన మాట ఇక దాచలేను. ఆ సంబంధం మీ బాపు తెచ్చింది కాదు. నేను తెచ్చింది.

దసరా ముందు తెలంగాణ సమ్మెలో జనగామ బస్టాండు ముందర రోడ్డు మీద వంటా వార్పు పెట్టినప్పుడు నేనూ పోయాను. అక్కడ వడ్డించినవాడే ఈ ప్రేమ్‌సింగ్. మానుకోట వైపు తండావాడు, డిపోలో కండక్టరు. "అవ్వా, నువ్వు నీడకు కూసో, నేనే తెస్త" అని ఇస్తరాకులో అన్నం తెచ్చి పెట్టాడు. మాటల్లో చెప్పాడు, భార్య కాన్పులో పోయిందట. "ఆమె ఫొటో గోడ మీదికెల్లి తియ్యనన్న. గందుకే రెండు సంబంధాలు పోయినయవ్వా" అన్నాడు. నిన్ను ఇలాంటివాడికే ఇవ్వాలనిపించింది.

బస్సులు లేవు కదా, ట్రాక్టరెక్కి దేవరుప్పుల దాకా పోయి, అక్కడి నుంచి మీ తండాకు నడిచాను. మీ బాపు తావుర్యా నన్ను చూసి పరేషానయ్యాడు. "కోడలికి అత్తనే సంబంధం తెచ్చుడు ఏడన్న ఉన్నదా?" అన్నాడు. నా పేరు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆయన ఆ అబ్బాయి మంచిచెడ్డలు అందరినీ అడిగి, ఇప్పటికి నోరు విప్పాడు.

ఆ రోజు తిరిగొస్తూ దారంతా ఏడ్చాను. సంబంధం చెప్పి వచ్చిన నోటితోనే, నువ్వు ఒప్పుకోకూడదని ప్రభువును అడిగాను. నువ్వు ఇంకో ఇంటి గడప తొక్కితే నా కొడుకు రెండోసారి పోయినట్టే అనిపించింది. నీ ఉత్తరం రాగానే, వద్దని చెప్పమన్నావని, సంతోషపడ్డాను కూడా. తర్వాత సిగ్గుపడ్డాను. వాడు లేస్తాడని ప్రతి ఆదివారం పాడుతూ, నిన్ను మాత్రం వాడి సమాధి దగ్గర కాపలా కూర్చోబెడితే, నేను నమ్మింది దేన్ని?

అందుకే మీ బాపుకు వద్దని నేను చెప్పను. ప్రేమ్‌సింగ్‌ను చూడు, మాట్లాడు. నీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పు, అప్పుడు మీ తండాకు వచ్చి నీ తరఫున నేనే కొట్లాడతాను. నా కొడుకు పేరు చెప్పి మాత్రం వద్దనకు. వాణ్ణి లేపే పని ప్రభువు చూసుకుంటాడు. నువ్వు లే బిడ్డా.

ఇట్లు,
ఇంకో అత్త వచ్చినా నీకు అత్తనే,
పుష్పమ్మ